గున్న తాగిన నీళ్లు

పోయినవారం మనం గున్నని పశువైద్యశాల బల్ల మీద పడుకోబెట్టి, ముందుకాలికి సెలైన్ సూది గుచ్చి, అది బతుకుతుందో లేదో చెప్పకుండానే వచ్చేశాం. తిట్టుకున్నవాళ్లు తిట్టుకునే ఉంటారు. అందుకని ముందు ఆ మాట చెప్పేస్తాను. గున్న బతికింది. బతికింది కాబట్టే అసలు గొడవ ఇప్పుడు మొదలైంది. దాని ప్రాణం గురించి హడలిపోయినంతసేపూ తప్పెవరిదని అడిగే తీరిక ఎవరికీ లేకపోయింది. అది కళ్లు తెరిచి తోక ఆడించగానే అందరికీ బోలెడంత తీరిక దొరికింది.

కొత్తగా చదవడం మొదలుపెట్టినవాళ్లకి నాలుగు ముక్కలు. గున్న అనేది రుచులాయన పెంచుకుంటున్న కుక్క. పేరుకి తగ్గట్టు గున్న ఏనుగులాగే ఉంటుంది. రుచులాయనది టీ కంపెనీలో రుచి చూసే ఉద్యోగం. ఆయన చప్పరించి "బాగుంది" అంటేనే అక్కడ ఆకు పెట్టెలకెక్కుతుంది. గున్ననీ, దానితోపాటు ఆ వీధిలో ఇంకో మూడు కుక్కల్నీ రోజూ పొద్దున్నే సముద్రపు ఒడ్డున తిప్పేది నడకలక్క. ఆ పేరు పెట్టింది వీధిలో పిల్లలు. అసలు పేరు ఆమె అన్నకీ వదినకీ తప్ప ఎవరికీ గుర్తు లేదు. ఆ వదినే పశువుల డాక్టరు. "మా ఆడపడుచు చేతిలో పెట్టండి, మీరు నిశ్చింతగా కాఫీ తాగండి" అని నలుగురికీ చెప్పి ఆ పని కల్పించింది కూడా ఆవిడే. మొన్న షికారు అయ్యాక గున్న కక్కుకుని, కాళ్లు తడబడి, ఇసుకలో కూలబడింది. రక్తం పరీక్ష చేస్తే ఒంట్లో ఉప్పు విపరీతంగా ఉంది. సముద్రం నీళ్లు ఎక్కువగా తాగితే అలా అవుతుంది. సముద్రం దగ్గర గున్న ఎవరి చేతిలో ఉంది? నడకలక్క చేతిలో. ఇంకేముంది, తప్పు తేలిపోయిందన్నారు అందరూ.

సాయంత్రానికల్లా నాలుగు కుక్కల్లో రెండింటి వాళ్లు "కొన్నాళ్లు ఆగుదామమ్మా" అన్నారు. మర్యాదగలవాళ్లు పొమ్మనేది ఆ మాటతోనే. గున్న ఎలాగూ ఆసుపత్రిలో ఉంది. మిగిలింది మసి ఒక్కటే. నల్లగా, సన్నగా, ఎప్పుడూ ఏదో ఆలోచిస్తున్నట్టుండే కుక్క. దాని యజమానురాలు పెద్ద మేడమ్. ఆవిడ ఎవరంటారా? రుచులాయన పనిచేసే టీ కంపెనీ ఆవిడదే.

ఆ పెద్ద మేడమ్ మసిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. వచ్చేసరికి నడకలక్క బయటి గదిలో బల్ల మీద కూర్చుని, కుక్కలకి వాడే పాత తువ్వాళ్లు మడతపెడుతోంది. మడతపెట్టినవే మళ్లీ విప్పి పెడుతోందని డాక్టరు వదిన గమనించింది గానీ ఏమీ అనలేదు. ఆడపడుచుని వేళాకోళం చేయడానికి ఏడాదంతా ఉందిగా.

"నీ మీద కోపంతో రాలేదమ్మా" అంది పెద్ద మేడమ్ కుర్చీలో కూర్చుంటూ. ఆవిడ గొంతు ఎప్పుడూ పెరగదు. "మసిని నీ దగ్గరే ఉంచాలా, మానిపించాలా అన్నది తేల్చుకుందామని వచ్చాను. పదిమందీ పది రకాలుగా చెబుతున్నారు. నువ్వు వీటిని ఎలా తిప్పుతావో నీ నోటితో చెప్పు."

నడకలక్క చేతిలో తువ్వాలు పక్కన పెట్టింది.

"ఎండ ముదరకముందే వెళ్లి వచ్చేస్తాం మేడమ్. దిగేముందు ఇసుక మీద అరచెయ్యి వెనక్కి తిప్పి ఆనిస్తాను. నా చెయ్యి కాసేపు ఓర్చుకోలేకపోతే వాటి పాదాలూ ఓర్చుకోలేవు. అప్పుడు దిగకుండా చెట్ల పక్క దారిలో తిప్పుతాను. రాళ్ల దగ్గర తాడు వదలను. చచ్చిన చేపలూ, ఒడ్డుకి కొట్టుకొచ్చిన జెల్లీ చేపలూ కనబడితే అటు పోనివ్వను. మన మసికి చచ్చిన చేప కనబడితే ఒళ్లు తెలీదు."

"తెలుసు. ఇంటికొచ్చి నా మంచమెక్కుతుంది."

"వచ్చాక కొళాయి కింద ఉప్పంతా పోయేదాకా కడుగుతాను. చెవులు పొడిగా తుడుస్తాను. వేళ్ల సందుల్లో గవ్వ పెచ్చులూ, గాలపు ముళ్లూ ఏమైనా గుచ్చుకున్నాయేమో చూసి గాని ఎవరింటికీ పంపను."

"నీళ్లు?"

అడగాల్సింది అడిగేసింది. నడకలక్క ఒకసారి వదిన వైపు చూసింది.

"బయల్దేరేముందే మంచినీళ్లు పెడతాను మేడమ్. దాహంతో వెళితే అలల్ని నాకేస్తాయి. దారిలో నా డబ్బాలోవి కొంచెం కొంచెం పోస్తూనే ఉంటాను. అలల్లోకి బంతి కూడా ఎక్కువసేపు విసరను. నోరు తెరిచి పట్టుకుంటాయి కదా, పట్టుకున్నప్పుడల్లా ఓ గుక్క లోపలికి పోతుంది. ఇవన్నీ మా వదిన చెప్పినవే."

"చెప్పినవన్నీ చేస్తుంది మేడమ్" అంది వదిన. "ఇంట్లో నేను చెప్పేవి మాత్రం ఒక్కటీ చెయ్యదు."

పెద్ద మేడమ్ నవ్వింది గానీ దారి తప్పలేదు. "మరి గున్న సంగతేమిటి?"

"గున్న నా నీళ్లు ముట్టదు మేడమ్."

అది నిజం. ఆ వీధిలో అందరికీ తెలిసిన నిజం. గున్న పాలు మరిచిన నాటినుంచీ రుచులాయన దాని నీళ్లు తాను చప్పరించి చూసి, "బాగుంది" అన్నాకే గిన్నెలో పోశాడు. వృత్తి అలవాటు అలాంటిది, చేతిలోకి ఏ ద్రవం వచ్చినా నాలుక మీద వేసుకోకుండా ఉండలేడు. చూసి చూసి గున్నకీ అదే అలవాటైంది. ఆయన చప్పరించిన చప్పుడు వినబడి, "బాగుంది" అన్న మాట చెవినబడితే తప్ప ఎక్కడా మూతి పెట్టదు. అలల్లో ఆడుతుంటే నోట్లోకి పోయే నీళ్ల సంగతి వేరు కదా అన్నారు జనం. అందుకే ఆయన రోజూ పొద్దున్నే ఒడ్డు చివర రాళ్ల దగ్గర రెండు సీసాలతో నిలబడేవాడు. నీలం మూత సీసాలో ఇంటినుంచి తెచ్చిన మంచినీళ్లు, గున్నకి. ఎర్ర మూత సీసా ఖాళీది. అందులో సముద్రం నీళ్లు పట్టుకెళ్లేవాడు. వాళ్లావిడకి పాదాల వాపు, ఆ నీళ్లు వేడిచేసి కాళ్లు పెట్టుకుంటే హాయిగా ఉంటుందట.

సరిగ్గా అప్పుడే రుచులాయన లోపలికి వచ్చాడు. చేతిలో నీలం మూత సీసా ఉంది. పెద్ద మేడమ్‌ని చూసి నమస్కారం పెట్టాడు. నడకలక్క వైపు చూడలేదు.

"ఇదిగో మేడమ్, మొన్న గున్నకి పోయగా మిగిలిన నీళ్లు ఇవే" అన్నాడు. "పోసేముందు నేను చూశాను. ఎప్పుడూ చూసే పోస్తాను. నా నీళ్లలో ఏ దోషమూ లేదు. ఈ అమ్మాయి చూసుకోనప్పుడు అది అలల దగ్గర తాగేసింది, అంతే. నేనేమీ కేసు పెట్టనంటున్నాను. పొరపాటు జరిగిందని ఒప్పుకుంటే చాలు."

మూత తీసి, సీసా ఎత్తి, టీ రుచి చూసేవాళ్లు చేసేటట్టు గాలితో కలిపి సర్రున పీల్చాడు. నాలుక మీద అటూ ఇటూ తిప్పాడు. మింగాడు.

"తియ్యటి నీళ్లు. నువ్వే చూడమ్మాయ్."

నడకలక్క సీసా అందుకుంది. ఆమె ఒళ్లు మండిపోతోంది. బాబాయ్‌గారూ బాబాయ్‌గారూ అని ఇన్నాళ్లూ పిలిచిన మనిషి, నలుగురిలో తన మీద నేరం మోపడానికి సీసా మోసుకొచ్చాడు. చూపిస్తే చూద్దాం అనుకుని ఓ పెద్ద గుక్క నోట్లో పోసుకుంది.

ఉప్పు. అలా ఇలా కాదు, చిన్నప్పుడు అల వచ్చి మొహాన కొడితే నోట్లో పడుతుందే, ఆ ఉప్పు.

కక్కలేక మింగలేక అంటాం కదా, మనం ఊరికే మాటవరసకి అంటాం. పాపం ఆమెకి ఆ క్షణాన నిజంగానే ఆ గతి పట్టింది. ఎదురుగా పెద్ద మేడమ్ చూస్తోంది. ఉమ్మేసి "ఇవి సముద్రం నీళ్లు" అంటే చాలు, తన మాట నిలబడుతుంది, మసి నిలబడుతుంది, పోయిన రెండు కుక్కలూ తిరిగొస్తాయి. కానీ ఆ వెంటనే రెండో ప్రశ్న పుడుతుంది. ఇంత ఉప్పుని ఆయన నాలుక ఎందుకు పట్టలేదు? ఆ ప్రశ్న అడగాల్సింది ఆయనకి జీతమిచ్చే మనిషి. అంతా ఆమె బుర్రలో ఒక్కసారిగా వెలిగింది. రాళ్ల దగ్గర ఆ పొద్దున జరిగింది కూడా అప్పుడే గుర్తొచ్చింది. గున్న గిన్నెలో మూతి పెట్టి, తీసేసి, తలెత్తి ఆయన్ని చూసింది. ఆయన సీసా ఎత్తి మళ్లీ పీల్చి, "బాగుందిరా, తాగు" అన్నాడు. అప్పుడు తాగింది.

ఆమె మింగేసింది.

"నిలవ నీళ్లు బాబాయ్‌గారూ" అంది, దగ్గు ఆపుకుంటూ. "ఇంకెవరూ తాగకపోవడం మంచిది." లేచి వెళ్లి మూలనున్న చేతులు కడుక్కునే తొట్టిలో సీసా మొత్తం ఒంపేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఉప్పు వల్లో కోపం వల్లో ఆమెకే తెలియలేదు.

వదినకి డేగకళ్లు. జంతువులకి మాటలు రావు కాబట్టి మొహం చూసి జబ్బు పట్టడం ఆవిడ చదువులో భాగం. గ్లాసుడు మంచినీళ్లు తెచ్చి ఆడపడుచు చేతిలో పెట్టింది. "మేడమ్, వచ్చారు కదా, మసి బరువు చూద్దాం రండి" అని పెద్ద మేడమ్‌ని పక్క గదిలోకి తీసుకుపోయింది. పోతూ పోతూ, "నువ్వు బాబాయ్‌గారికి గున్నని చూపించు" అంది.

గున్న ఉన్న గది వెనకవైపు. ఇనుప జాలీ తలుపుల అరలు, నేల కడిగిన మందు వాసన, సెలైన్ తగిలించే ఇనుప కర్ర. గున్న కింది అరలో పడుకుని ఉంది. ముందుకాలి మీద వెంట్రుకలు గొరిగేసి తెల్ల పట్టీ వేశారు. రుచులాయన్ని చూసి లేవబోయి, ఓపిక లేక గడ్డం నేలకి ఆనించి తోక మాత్రం టపటప కొట్టింది.

నడకలక్క తలుపు దగ్గరగా వేసింది.

"ఆ సీసా మూత ఏ రంగో చూసుకున్నారా బాబాయ్‌గారూ?"

"నీలం."

"లోపలున్నవి సముద్రం నీళ్లు."

ఆయన కాదనలేదు. అరిచి గోల చేస్తాడని ఆమె కాచుకుని ఉంది. ఆయన నెమ్మదిగా అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాడు.

"బాగా ఉప్పగా ఉన్నాయా?" అని అడిగాడు.

"మింగలేనంత."

ఆయన తల ఊపాడు. "అంతకు రెండు రోజుల ముందు మీ పిన్ని నీళ్లున్న సీసాల మూతలు రెండూ తీసి తోమి ఆరబెట్టింది. తిరిగి పెట్టేటప్పుడు మారి ఉంటాయి. మూత సంగతి నేనెప్పుడూ పట్టించుకోలేదమ్మాయ్. నాలుక ఉండగా మూతతో పనేముంది?"

"మరి నాలుక?"

"చలికాలంలో జ్వరమొచ్చింది చూడు. పోతూ పోతూ దాన్నీ పట్టుకుపోయింది. వాసన కూడా లేదు. వేడీ చల్లా తెలుస్తాయి, అంతే."

"అప్పట్నుంచీ కంపెనీలో ఏం చేస్తున్నారు?"

"రంగు చూస్తాను. ఆకు నలిపి చూస్తాను. ఇన్నేళ్ల పని, సగం కంటితోనే తెలుస్తుంది. మిగతా సగానికి నా పక్కన రుచి చూసే ఆవిడ మొహం చూస్తాను. ఆవిడ కనుబొమ లేస్తే బాగుందంటాను, ముడిపడితే పక్కన పెట్టమంటాను."

"పిన్నిగారికి తెలుసా?"

"కూరలో ఉప్పెక్కువైతే గొడవ చేసేవాణ్ణి. ఈమధ్య చెయ్యడం లేదు. ఇన్నాళ్లకి మంచివాణ్ణయ్యానని సంతోషపడుతోంది. ఎలా చెప్పమంటావు?"

నడకలక్కకి నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు మళ్లీ కోపమొచ్చింది. "నాకు మీ మీద చాలా కోపంగా ఉంది బాబాయ్‌గారూ. జాలి కూడా వేస్తోంది, దానివల్ల ఇంకా కోపంగా ఉంది. నాలుకకి రుచి లేదని తెలిసి కూడా నా పేరెత్తారు. అందరూ మీ నాలుకని నమ్మారు. నన్నెవరు నమ్ముతారు? రెండు కుక్కలు ఇప్పటికే వెళ్లిపోయాయి. మూడోది ఆ పక్క గదిలో తూకమెక్కుతోంది. నేను చచ్చేదాకా ఈ వీధిలో ఉప్పునీళ్లు తాగించిన మనిషినే."

"సీసాలోవి మంచినీళ్లేనని నేను నిజంగానే అనుకున్నాను."

"అనుకున్నారు. చూశానని మాత్రం చెప్పారు."

ఆయన జాలీలోంచి చెయ్యి పెట్టి గున్న చెవి నిమిరాడు.

"ఇది నన్ను చూసిందమ్మాయ్. మూతి పెట్టి తీసేసి నా మొహంకేసి చూసింది. నేను మళ్లీ చప్పరించి బాగుంది అన్నాను. దానికి తెలుసు అవి ఉప్పని. తెలిసి కూడా నేను చెప్పానని తాగింది. ముందు రోజు కూడా తాగినట్టుంది, సీసా అదే." ఆయన తెల్ల పట్టీ మీద వేలు ఆనించాడు. "నా మాట మీద నమ్మకంతో దాని ప్రాణం మీదకి తెచ్చుకుంది."

పక్క గదిలో మసి తూకం మీద నిలబడనని మారాం చేస్తున్న చప్పుడు వినబడుతోంది.

"ఇప్పుడు నేను చెబితే నా ఉద్యోగం పోతుంది" అన్నాడు చివరికి.

"చెప్పకపోతే నాది పోతుంది."

"కొన్నాళ్లు గడువియ్యి. ఈ కొత్త ఆకు పని అయిపోనీ. ఆ తరవాత ఒంట్లో బాగోలేదని నేనే మానేస్తాను. అప్పుడు అందరికీ చెబుతాను."

"ఆపాటికి నన్ను కుక్క తోక కూడా ముట్టుకోనివ్వరు. నేను చెప్పను బాబాయ్‌గారూ. మింగేశాను, మళ్లీ కక్కను. చెబితే మీరే చెప్పాలి. కానీ ఇవాళ చెప్పాలి."

ఆయన ఏదో అనబోయేలోపు తలుపు తీసుకుని వదిన వచ్చింది. చేతిలో స్టీలు గిన్నె. ఇద్దరి మొహాలూ చూసింది. చూడనట్టు గిన్నె కింద పెట్టి, జాలీ తలుపు తీసింది.

"సూది తీసేశాక నోటితో తాగాలి. ఒక్కసారిగా కాదు, గుక్కెడు గుక్కెడుగా. పెరిగిన ఉప్పుని గబుక్కున తగ్గిస్తే మెదడు వాస్తుంది. కానీ ఇది పొద్దుట్నుంచీ మూతే పెట్టడం లేదు. తాగకపోతే మళ్లీ సూది గుచ్చాల్సిందే." రుచులాయన వైపు తిరిగింది. "మీ మాట కావాలి దానికి."

గున్న గిన్నెకేసి చూడటం లేదు. ఆయనకేసి చూస్తోంది. అదే చూపు. రాళ్ల దగ్గర చూసిందే.

రుచులాయన గిన్నె రెండు చేతులతో ఎత్తాడు. పెదాల దాకా తెచ్చాడు. గున్న చెవులు నిక్కాయి. ఆ చప్పుడు ఒక్కటి చేస్తే చాలు, అది తాగేస్తుంది. ఆయన ఎన్ని వేలసార్లు చేసిన చప్పుడో అది. ఇవాళ మాత్రం చెయ్యలేకపోయాడు. గిన్నె అంచు పెదాలకి ఆనించుకుని అలాగే ఉండిపోయాడు. తరవాత పక్కకి తిరిగి దాన్ని నడకలక్కకి అందించాడు.

"నువ్వు చూసి చెప్పమ్మా. ఇవి తాగొచ్చో లేదో నాకు తెలీదు."

కుక్క గిన్నెలో నీళ్లు తాగాలా అని ఇంకో రోజైతే ఆమె వదినతో ఓ పూట పోట్లాట పెట్టుకునేది. ఇవాళ అందుకుంది. రాకపోయినా ఆయనలాగే సర్రుమని పీల్చింది. గొంతులో అడ్డంపడి ఖళ్లున దగ్గింది. వదిన నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగింది.

"బాగున్నాయి" అంది నడకలక్క. నిజంగానే బాగున్నాయి. ఆ ఉప్పు తరవాత ఆమె నోటికి ఆ నీళ్లు ఎంత తియ్యగా తగిలాయో చెప్పలేను.

గున్న ఆమెని చూసింది. మళ్లీ ఆయన్ని చూసింది.

"బాగుందిరా" అన్నాడు రుచులాయన. "అక్క చూసింది. తాగు."

గున్న మెడ చాచి, వాసన చూసి, నాలుక పెట్టింది. ఓ గుక్క. ఆగింది. ఇంకో గుక్క. వదిన గిన్నె వెనక్కి లాగి, "చాలు, మళ్లీ కాసేపాగి" అంది.

తలుపు దగ్గర మసి గొలుసు గలగలలాడింది.

పెద్ద మేడమ్ గడపలో నిలబడి ఉంది. ఎప్పట్నుంచి నిలబడిందో ఎవరూ చూడలేదు. ఆవిడ కళ్లు గున్న మీద లేవు. గిన్నె మీద ఉన్నాయి.

"మా కంపెనీలో మీరు చూడందే వేణ్ణీళ్లు కూడా ఆకు మీద పొయ్యరు" అంది రుచులాయనతో, ఎప్పటిలాగే మెల్లగా. "మీ కుక్కకి నీళ్లు ఇంకొకరి చేత చూపించారేం?"

నడకలక్క నాలుక చివరికి ఓ అబద్ధం దానంతటదే వచ్చింది. బాబాయ్‌గారికి పన్ను పీకారు మేడమ్, అంటే సరిపోతుంది. ఆయన ఉద్యోగం ఉంటుంది. అది అన్నదంటే మాత్రం ఉప్పునీళ్ల నేరం ఎప్పటికీ తనదే. వదిన ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. అయినా సరే, ఆమె నోరు తెరిచింది.

"నువ్వాగమ్మా" అన్నాడు రుచులాయన. గున్న తల మీంచి చెయ్యి తీసి, స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. "మేడమ్ అడిగింది నన్ను."